రెండడుగుల దూరానికి ఎన్ని వాట్లు?

మొన్న ఆదివారం మా ఎదురు ఫ్లాటు అబ్బాయి ఒక జత స్పీకర్లు కొనుక్కొచ్చాడు. మాది హైదరాబాద్‌లో మదీనాగూడ. ఈ చుట్టుపక్కల చాలా ఇళ్లలో లాగే అతనికీ పడగ్గదిలో కిటికీ పక్కన ఒక బల్ల, దాని మీద ల్యాప్‌టాప్, వారానికి రెండు మూడు రోజులు అక్కణ్ణించే ఆఫీసు. ల్యాప్‌టాప్‌లో పాట రేకుడబ్బాలోంచి వస్తున్నట్టుందని విసిగిపోయి ఇవి తెచ్చాడు. అట్టపెట్టె మీద పెద్దక్షరాలతో 1000 వాట్లు అని ఉంది. ధర తొమ్మిది వందలు. "పక్కవాళ్లు గొడవకొస్తారేమో అంకుల్" అన్నాడు.

పెట్టెలోంచి అడాప్టరు తీసి ట్యూబ్‌లైటు కిందికి తెచ్చి చూపించాను. ఆవగింజంత అక్షరాల్లో 5 వోల్టులు, 1 ఆంపియర్ అని రాసుంది. వోల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. ఐదొకట్ల ఐదు. గోడలోంచి 5 వాట్లు తీసుకున్న పెట్టె 1000 వాట్లు బయటికి ఇవ్వడం జరిగే పని కాదు. అతని ముఖం చిన్నబోయింది. నిజానికి ఆ బల్లకు 5 వాట్లు తక్కువేం కాదు. తక్కువైంది ఇంకొకటి. అదేమిటో తెలిస్తే స్పీకర్లకు పెట్టే ప్రతి రూపాయికీ ఫలితం దక్కుతుంది.

ముందు ఆ 1000 సంగతి. ఇలాంటి అంకె పక్కన చాలాసార్లు పీఎంపీఓ అని ఉంటుంది. రెప్పపాటు సేపు, కాగితం మీద, అన్నీ అనుకూలిస్తే వస్తుందనుకునే శక్తి అది. దాన్ని ఇలా కొలవాలి అని అందరూ ఒప్పుకున్న పద్ధతే లేదు. కాబట్టి ఎవరికి తోచిన అంకె వాళ్లు వేసుకోవచ్చు. మీరు చూడాల్సింది ఆర్ఎంఎస్ అనే మాట పక్కనున్న అంకె. స్పీకరు ఆగకుండా ఇవ్వగల శక్తి అది. మన ఇళ్లలో ఒకప్పుడు జీరో బల్బు ఉండేది, గుర్తుందా? పేరుకు సున్నా, కాల్చేది మాత్రం 12 నుంచి 15 వాట్లు. పేరు ఒకటి, మీటరు తిరిగేది ఇంకొకటి. స్పీకరు పెట్టె విషయంలో మీటరు లాంటిది ఆ అడాప్టరు మీది చిన్న అక్షరమే.

అడాప్టరు లేకుండా కంప్యూటరుకే గుచ్చే యూఎస్‌బీ స్పీకర్ల లెక్క ఇంకా తేలిక. పాత తరహా యూఎస్‌బీ రంధ్రం ఇచ్చేది 5 వోల్టుల దగ్గర అర ఆంపియర్, అంటే రెండున్నర వాట్లు. లోపల నీలం రంగు కనిపించే కొత్త తరహాది 0.9 ఆంపియర్ ఇస్తుంది, అంటే నాలుగున్నర వాట్లు. వాటికి మించిన అంకె ఏది కనిపించినా, ఆ శక్తి ఎక్కణ్ణించి వస్తోందని దుకాణంలో నిస్సంకోచంగా అడగండి.

మరి రెండు మూడు వాట్లతో ఏం వినపడుతుంది? ఇక్కడ కొంచెం లెక్క వేద్దాం, ఓపిక పట్టండి. శబ్దం ఎంత గట్టిగా ఉందో డెసిబెళ్లలో కొలుస్తారు. ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటే 60 దగ్గర. బల్ల ముందు కూర్చుని హాయిగా వినే పాట 70 నుంచి 75. ఈ కొలతలో మూడు పెరగాలంటే శక్తి రెట్టింపు కావాలి. పది పెరగాలంటే శక్తి పదింతలు కావాలి, కానీ చెవికి మాత్రం సుమారు రెట్టింపే అనిపిస్తుంది. 10 వాట్ల స్పీకరు తీసేసి 20 వాట్లది తెచ్చుకుంటే పెరిగేది మూడు డెసిబెళ్లు. వాల్యూము బటన్ కొంచెం తిప్పినంత తేడా.

ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెళ్లు వస్తాయో దాన్ని స్పీకరు సెన్సిటివిటీ అంటారు. చిన్న స్పీకర్లలో కాస్త మంచివాటికి అది 84 అటూ ఇటూ ఉంటుంది. దూరం సగమైతే ఆరు డెసిబెళ్లు కలుస్తాయి. బల్ల దగ్గర మన చెవికీ స్పీకరుకూ మధ్య అర మీటరే కాబట్టి అది 90 అవుతుంది. మనకు కావలసింది 75. అంటే పదిహేను తక్కువ. శక్తిలో చెప్తే వాటులో ముప్పై రెండో వంతు. మృదంగం మీద గట్టి దెబ్బ పడ్డప్పుడు, తాళాలు మోగినప్పుడు శబ్దం సగటు కన్నా పదిహేను దాకా పైకి లేస్తుంది. అప్పుడు పూర్తి వాటు కావాలి. ఆ క్షణానికి కూడా ఒక్క వాటే. దూరం అర మీటరు కాక రెండడుగులైతే ఇంకాస్త పడుతుంది గానీ, స్పీకర్లు రెండున్నాయి కాబట్టి సరిపోతుంది. మరీ చిన్న స్పీకర్లకు సెన్సిటివిటీ 80కి పడిపోయినా రెండున్నర వాట్లతో పని జరుగుతుంది.

హాల్లో సోఫా దగ్గరికి, అంటే మూడు మీటర్ల దూరానికి, ఇదే శబ్దం చేరాలంటే లెక్క మారిపోతుంది. దూరం ఆరింతలు, శక్తి ఆరు ఆర్ల ముప్పై ఆరింతలు. గోడలు కొంత శబ్దాన్ని తిరగ్గొడతాయి గనుక అంతా పడకపోవచ్చు, అయినా చాలా రెట్లు. బల్ల దగ్గర కూర్చోవడమే మీకు దక్కిన పెద్ద రాయితీ. వాట్ల మీద మిగిలిన ఆ డబ్బును ఎక్కడ పెట్టాలన్నదే అసలు ప్రశ్న.

డ్రైవరు మీద పెట్టాలి. శబ్దం పుట్టించే ఆ గుండ్రటి కోనును డ్రైవరు అంటారు. రెండంగుళాల కోను కన్నా నాలుగంగుళాల కోను వెడల్పు రెట్టింపే, కానీ వైశాల్యం నాలుగింతలు. అది తోసే గాలీ నాలుగింతలు. సంగీతంలో ఒక స్థాయి కిందికి దిగిన ప్రతిసారీ, అదే గట్టిదనం నిలవాలంటే కోను ముందుకూ వెనక్కూ నాలుగింతలు ఎక్కువగా కదలాలి. రెండంగుళాల కోనుకు అంత కదలిక ఎక్కడిది? అందుకే చిన్న స్పీకర్లలో కింది స్వరాలు ఎండిపోతాయి. మా ఎదురింటి అబ్బాయి పెట్టెలో తక్కువైంది ఇదే.

ఎంత కిందికి దిగాలి? మన సంగీతంతోనే కొలిచి చూద్దాం. సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే కొలత హెర్ట్జ్. కర్ణాటక సంగీతంలో మగవాళ్లు చాలామంది ఒకటి శ్రుతికి అటూ ఇటూ పాడతారు. ఒకటి శ్రుతిలో మధ్య షడ్జమం దాదాపు 131 హెర్ట్జ్. మంద్ర పంచమానికి దిగితే 98. ఆడవాళ్లు ఐదు, ఐదున్నర శ్రుతుల్లో పాడతారు. వాళ్ల షడ్జమం 196 నుంచి 208 దగ్గర ఉంటుంది. వయొలిన్ తీగల్లో అన్నిటికన్నా కిందిదాన్ని పాశ్చాత్యులు 196కే బిగిస్తారు. అంటే 100 హెర్ట్జ్ దాకా దిగే స్పీకరు ఉంటే బాలమురళీకృష్ణ గొంతూ, ద్వారం వెంకటస్వామి నాయుడి కమానూ దాదాపు పూర్తిగా మీ బల్ల మీదికి వచ్చేస్తాయి. అదే ఒకటి శ్రుతికి తంబూరా మంద్ర షడ్జమం 65. అది కడుపులో గుమ్మని తెలియాలంటే నాలుగంగుళాల కోను కావాలి. బేస్ గిటారు అడుగు తీగ 41. సినిమా పాటల్లో గుండె అదిరే దరువు ఆ చుట్టుపక్కలే ఉంటుంది. బల్ల మీద పెట్టుకునే చిన్న పెట్టె ఏదీ దాన్ని నిజంగా ఇవ్వలేదు.

అలాంటప్పుడు ఫోనులో కూడా ఆ పాటను గుర్తుపడుతున్నాం కదా అని మీకు అనిపించవచ్చు. నిజమే. ఏ స్వరంలోనైనా అసలు కంపనంతో పాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతల కంపనాలు కలిసి వస్తాయి. అసలుది వినపడకపోయినా మిగిలినవాటిని బట్టి మెదడు దాన్ని పూరించుకుంటుంది. స్వరం తెలుస్తుంది, నిండుదనం మాత్రం రాదు. ఆ నిండుదనం కోసమే మనం స్పీకర్లు కొంటున్నాం.

అయితే వూఫరున్న సెట్టు కొంటే పోలేదా? రెండు చిన్న స్పీకర్లు, బల్ల కింద ఒక పెద్ద పెట్టె ఉండేదాన్ని 2.1 అంటారు. ఈ మాట నన్ను చాలామంది అడిగారు, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. చవక సెట్లలో బల్ల మీది స్పీకర్లు మరీ చిన్నవి కావడంతో, 150 నుంచి 200 హెర్ట్జ్ కిందున్న పనంతా కింది పెట్టెకే అప్పగిస్తారు. ఇందాకటి లెక్క గుర్తు చేసుకోండి: మగ గొంతు షడ్జమం 131. అంటే గాయకుడి గొంతులో అడుగుభాగం మీ మోకాళ్ల దగ్గర్నుంచి, పైభాగం కళ్ల ముందు నుంచి వస్తుంది. మనిషి రెండు ముక్కలైనట్టుంటుంది. దరువు కోసమే వినేవాళ్లకు ఇది సమ్మతమే కావచ్చు. ఘంటసాల, బాలు గొంతుల కోసం వినేవాళ్లకు మాత్రం, అదే డబ్బుకు వూఫరు లేని రెండు పెట్టెల జతే మేలని నా అభిప్రాయం.

పైగా మన గదులు కూడా బేస్‌కు, అంటే కింది స్వరాలకు, అంత సహకరించవు. పది అడుగులకు పదకొండు అడుగుల పడగ్గది తీసుకోండి. ఎదురెదురు గోడల మధ్య కొట్టుకుంటూ కొన్ని కంపనాలు అక్కడే ఉబ్బిపోతాయి. పదకొండు అడుగులకు అది 51 హెర్ట్జ్, పది అడుగులకు 56. ఆ చోట ప్రతి దరువూ ఒకేలా బుం బుం మంటుంది. గదుల మధ్య నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ పై స్వరాలను చాలావరకు ఆపుతుంది గానీ, ఈ బుం శబ్దాన్ని పక్కవాళ్ల మంచం దాకా పోనిస్తుంది.

పెట్టె మీద 60 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ అని ఉంటే నమ్మొచ్చా? పక్కనే ప్లస్సు ఆర్ మైనస్సు 3 డెసిబెళ్లు అని రాసుంటే నమ్మొచ్చు. ఆ పరిధి అంతటా శబ్దం దాదాపు సమంగా ఉంటుందని దాని అర్థం. అలా రాయకపోతే 60 దగ్గర శబ్దం పది డెసిబెళ్లు పడిపోయి ఉండవచ్చు, అంటే చెవికి సగమే. పై అంకె గురించి దిగులు అక్కర్లేదు. 20,000 అనేది చిన్నపిల్లల చెవికి అందే హద్దు. వయసుతో పాటు అది తగ్గుతూనే ఉంటుంది. ఎఫ్ఎం రేడియో పంపేదే 15,000 దాకా.

ఇక ధరలు. నేను ఇది రాసే నాటికి మార్కెట్లో మూడు మెట్లు కనిపిస్తాయి. రెండు వేలు అటూ ఇటూ పెడితే మంచి యూఎస్‌బీ జత వస్తుంది. క్రియేటివ్ పెబుల్ దీనికి ఉదాహరణ: రెండుంపావు అంగుళాల డ్రైవర్లు, మొత్తం 4.4 వాట్ల ఆర్ఎంఎస్, పరిధి 100 నుంచి 17,000 హెర్ట్జ్ అని తయారీదారే చెప్తారు. 4.4 అని రాయడానికి వెనకాడలేదు చూడండి, అది నాకు నచ్చింది. మూడు నుంచి ఐదు వేల మధ్య ఎక్కువగా వూఫరు సెట్లే ఉంటాయి. నేనైతే ఆ మెట్టు దాటేసి ఇంకొన్నాళ్లు డబ్బు కూడబెట్టమంటాను. పది వేలు, దానికి కాస్త పైన, అసలు సంగీతం మొదలవుతుంది. ఎడిఫైయర్ ఎంఆర్4లో నాలుగంగుళాల కోను, పై స్వరాల కోసం వేరుగా ట్వీటరు అనే చిన్న డ్రైవరు, 42 వాట్లు, 60 హెర్ట్జ్ దాకా దిగే పరిధి ఉన్నాయి. ప్రీసోనస్ ఎరిస్ 3.5లో మూడున్నర అంగుళాలు, 80 హెర్ట్జ్. పది వేలంటే ఎక్కువనిపిస్తుంది. ఎనిమిదేళ్లు వాడితే రోజుకు మూడున్నర రూపాయలు. కరెంటు భయం కూడా వద్దు: పది వాట్లు లాగే స్పీకరును రోజుకు నాలుగు గంటలు వాడితే నెలకు యూనిటుంపావు కూడా కాదు.

బడ్జెట్టు కుదరనివాళ్లు సెకండ్‌హ్యాండ్ చూడొచ్చు. ఐటీ ఉద్యోగులున్న మా వైపు అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో, విదేశాలకో వేరే ఊళ్లకో వెళ్లేవాళ్లు సామాను అమ్మకానికి పెడుతూనే ఉంటారు. కొనేముందు కోను చుట్టూ ఉండే మెత్తటి అంచును వేలితో తాకి చూడండి. రబ్బరైతే ఏళ్ల తరబడి ఉంటుంది. ఫోమ్ అయితే మన ఎండలకు, తేమకు పొడిపొడిగా రాలిపోతుంది. వాల్యూము తిప్పుతున్నప్పుడు చిటపటలు రాకూడదు. బ్యాలెన్సును ఒకసారి పూర్తిగా ఎడమకు, ఒకసారి కుడికి తిప్పి రెండు పక్కలా ఒకేలా పలుకుతున్నాయో లేదో వినండి.

కొత్తవే కొంటే చెవితో విని కొనడం మంచిది. మియాపూర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి ప్యారడైజ్‌లో దిగితే, ఇలాంటి దుకాణాలుండే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటరు దగ్గరే. కోఠి గుజరాతీ గల్లీ దుకాణాలకైతే మారే పని కూడా లేదు, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషనులో దిగిపోవచ్చు. దుకాణంలో వాళ్లు పెట్టే పాట వినకండి. అది ఏ స్పీకరులోనైనా బాగుండే పాటే అయి ఉంటుంది. మీకు కంఠతా వచ్చిన పాటలు మూడు ఫోనులో తీసుకెళ్లండి. నేను ఒకటి 'శంకరాభరణం'లోంచి తీసుకెళ్తాను. 1980 నాటి ఆ పాటల్లో బాలు గొంతూ మృదంగమూ విడివిడిగా తెలియాలి. రెండోది 1989 నాటి 'గీతాంజలి'లోంచి. ఇళయరాజా బేస్ గిటారు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి నడుస్తున్నట్టు వినపడాలి, ఒకే మోతగా కాదు. మూడోది పాత ఘంటసాల పాట. ఆ కాలం రికార్డింగుల్లో అట్టడుగూ పైపై స్వరాలూ రెండూ పల్చనే. ఉన్నదంతా మధ్యలో ఉంటుంది. స్పీకరు మధ్య స్వరాల్లో తప్పు చేస్తే ఆ పాట వెంటనే పట్టిస్తుంది.

తెచ్చాక ఎలా పెడతారన్నది సగం సంగతి, దీనికి పైసా ఖర్చు లేదు. రెండు స్పీకర్ల మధ్య దూరం, ఒక్కోదానికీ మీ తలకూ మధ్య దూరం సమానంగా ఉండాలి. రెండడుగులైతే మూడు వైపులా రెండడుగులు. కుర్చీలో కూర్చున్నప్పుడు మన చెవి బల్ల మీంచి సుమారు ఒకటిన్నర అడుగు ఎత్తులో ఉంటుంది. చిన్న స్పీకరు ట్వీటరు ఏడెనిమిది అంగుళాల ఎత్తులోనే ఉంటుంది. అది మీ ఛాతీకి పాడుతుంది, చెవికి కాదు. కింద రెండు లావు పుస్తకాలు పెట్టి, ముఖం కొంచెం పైకి వాల్చండి. ఇందాక చెప్పిన పెబుల్ డ్రైవర్లను 45 డిగ్రీలు పైకి తిప్పి తయారు చేసింది ఇందుకే. పాత మౌస్‌ప్యాడ్‌ను నాలుగు ముక్కలు చేసి అడుగున పెడితే బల్ల అదరదు. గోడకు ఆనిస్తే, మరీ మూలన పెడితే బేస్ ఉబ్బుతుంది. జానెడు ఎడం ఉంచండి. మా ఎదురింటి అబ్బాయి తొమ్మిది వందల స్పీకర్లనే ఇలా పెట్టి చూశాం. నిండుదనం రాలేదు గానీ, గొంతు మాత్రం రెండు పెట్టెల నడుమ, స్క్రీను ఉన్నచోట నిలబడి పాడింది. "ఇవి ఇందాకటివేనా?" అన్నాడు.

స్పీకరులో సన్నగా గుయ్ మని మోగుతుంటే పాడైందనుకోకండి. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ గుయ్ అదే. ల్యాప్‌టాప్ చార్జరు తీసి చూడండి. ఆగిపోతే తప్పు స్పీకరుది కాదు. ల్యాప్‌టాపునూ స్పీకర్లనూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు, ఎర్తింగు సరిగ్గా ఉన్న సాకెట్టుకు పెడితే చాలావరకు పోతుంది. బ్లూటూత్ కన్నా వైరు మేలు. నాణ్యత తేడా స్వల్పమే కావచ్చు, కానీ బ్లూటూత్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది, వీడియోలో పెదవులు ముందు కదులుతాయి. అడాప్టరు మీద బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నాయో లేదో కూడా కొనేటప్పుడే చూసుకోండి. రోజంతా సాకెట్టులో ఉండే వస్తువు అది.

చివరగా చెవి గురించి, ఇది తప్పకుండా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెళ్ల దగ్గర వారానికి 40 గంటలు వినవచ్చు. మూడు డెసిబెళ్లు పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమైపోతుంది: 83కి 20 గంటలు, 86కి పది, 90కి వచ్చేసరికి నాలుగే. ఇంటి నుంచి పని చేస్తూ రోజుకు ఎనిమిది గంటలు పాట పెట్టుకునేవాళ్లకు ఆ 40 గంటలు ఐదు రోజుల్లో నిండిపోతాయి. ముంబై హైవే వైపు కిటికీ తెరిచి ఉంటే, ఆ మోత మీదికి పాట వినపడాలని మనకు తెలియకుండానే వాల్యూము పెంచుతూ పోతాం. ముందు కిటికీ వేయండి, తర్వాత వాల్యూము చూడండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్ల ప్రాంతాల్లో పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45 హద్దు. రాత్రి పదికి ఆ రాత్రి లెక్క మొదలవుతుంది. గోడకు అవతల ఎవరైనా పసిపిల్లను నిద్రపుచ్చుతూ ఉండవచ్చు, పది కాకముందే బేస్ తగ్గించండి.